కొలతల పుస్తకం

దేవరకొండ బస్టాండు వెనక సందుల
ఇయ్యాల ముప్పై ఒకటి.
ఎదురుంగ బేకరీ వాళ్లు షామియానా ఏసి
కేకులు మెట్లు మెట్లుగ పేర్చిండ్రు.
క్రీముతోటి పేర్లు రాసే పిలగాడు
కోను మూతి కోయనీకి
నా చిన్న కత్తెర అడుక్కపోయిండు, ఇంకా తేలే.

నా మిషను పక్క బల్ల మీద కూసున్నోళ్లది
పొద్దటి సంది ఒక్కటే మాట:
ఈ ఏడు పోతే పీడ పోయె.
పత్తి తడిసిందని ఒకరు,
బత్తాయికి రేటు లేదని ఒకరు,
అరమార్కుల పరీక్ష పోయిందని
గోళ్లు కొరుక్కుంట ఒక పిలగాడు.
నువ్వేమంటవ్ మేస్త్రీ అని నా దిక్కు తిరిగిండ్రు.
నోట్లె ఆరు గుండుసూదులు పెట్టుకున్నోడు
ఏం తీర్పు చెప్తడు?

నా లెక్క పుస్తకంల ఉంటది.
ఎవరి పేజీకి వాళ్ల గుడ్డముక్క గుచ్చి ఉంటది.
పొడుగు, ఛాతి, నడుము, భుజం, చెయ్యి, మెడ.
పోయినేటి అంకె కింద ఈయేటి అంకె.

జంగమ్మ నడుము రెండించులు తగ్గింది.
"మాకేం, మంచిగనే గడిసింది" అన్నది
టేపు కింద ఊపిరి బిగబట్టి.
ఎప్పుడు గట్టిగ చదివి రాసుకునేటోణ్ణి
ఆ పూట సప్పుడు చెయ్యకుంట రాసుకున్న.

చందంపేట దిక్కు నుంచి లచ్చిరాం నాయక్
"ఏం జరగలే ఈ ఏడు, ఉత్తదే" అన్నడు.
పక్కన నిలబడ్డ కొడుకు పాంటు
నాలుగించులు దిగింది.
ఉత్త ఏడు నాలుగించులు యాడికెల్లి తెచ్చిందే అంటే
నవ్వి,
పట్టీ ఇంకో రెండించులు లోపలికి మడిసి కుట్టమన్నడు.
వచ్చే ఏటిని ఇప్పుడే
సంచిల ఏసుకపోయిండు.

తీసుకపోనియి ఆరు కొక్కేనికి ఏలాడుతుండె.
అండ్ల ఆకుపచ్చ జాకెటు వైజయంతి టీచరమ్మది.
ఆగస్టుల గుడ్డ ఇచ్చింది, దసరకు కావాలన్నది.
దసరకు అందియ్యాలని రాత్రి కూసోని కుట్టిన.
ఆమె రాలే.
మొన్న ఆమె బిడ్డ వచ్చింది.
మడతలకాడ చినిగిన రసీదు ముంగట పెట్టి
జాకెటు తీసుకుని తెర ఎనకకు పోయింది.
చానసేపు బయటికి రాలే.
నేను మిషను తొక్కుకుంట కూసున్న
దారం లేకుంట, గుడ్డ లేకుంట,
ఏదో ఒక సప్పుడు ఉండాలని.
వచ్చినంక,
"భుజాలకాడ గట్టిగున్నది బిడ్డా, ఇప్పుదునా" అన్న.
"వద్దు,
పట్టుకున్నట్టున్నది" అన్నది.
కుట్టుకూలి తీసుకోనంటే
బల్ల మీద పెట్టి పోయింది.

షట్టరు సగం దించినం.
మా సుగుణ కాజాలు కుట్టుకుంట
అద్దాల మీదికెల్లి చూసి
"నీ పేజీ ఏది?" అన్నది.
ఇరవై ఆరేండ్ల పుస్తకాలల్ల నా పేజీ లేదు.
మిగిలిన గుడ్డతోటి, అందాజతోటి కుట్టుకుంట నాయి.
లేసి నిలబడమన్నది.
మెడ. ఛాతి. భుజం.
కుడి భుజం ఎడమదానికన్న
ముప్పావు ఇంచు కిందికున్నది.
"కత్తెర చెయ్యి గద" అన్నది.
పోయినేడు ఎంతుండెనో రాసి లేదాయె.
ఈ యేడే జారిందో
మొదటి సంది గట్లనేనో
ఎవర్నడగాలె?
ఇగ నీ కొలత ఇయ్యి అంటే
"నాది నాకు తెల్వదా" అని
టేపు చుట్టి సొరుగుల పడేసింది.

పటాకులు మొదలైనయి.
షట్టరు కిందికెల్లి వంగి
బేకరీ పిలగాడు కత్తెర ఇచ్చిండు.
మొన మీద గులాబి క్రీము,
ఎవరి పేర్ల మిగిలిపోయిన కొమ్మో.
సుగుణ వేలితోటి తుడిసి
నాలిక మీద పెట్టుకున్నది.
"తీపి ఎక్కువేసిండ్రు" అని
ఇంకోసారి తుడిసింది.